కలలో వచ్చిన వాగు ఎవరిది?

కలలో పన్ను ఊడితే ఇంట్లో ఎవరో పోతారని మా ములుగులో పెద్దవాళ్ళు అంటారు. కలలో పన్ను ఊడితే, కలగన్నది మగవాడైతే హస్తప్రయోగానికి శిక్ష, ఆడమనిషైతే ప్రసవం అని ఫ్రాయిడ్, ఆయన దారిలో నడిచినవాళ్ళు అన్నారు. మొదటి మాట విని నవ్వుకుంటాం, మూఢనమ్మకం అంటాం. రెండో మాట వ్యాసంలో కనబడితే మాత్రం లోతైన విశ్లేషణ అని మెచ్చుకుంటాం. ఈ రెండింటికీ తేడా ఏమిటని చాలా రోజులుగా కనబడినవాళ్ళనల్లా అడుగుతున్నాను. ఇంతవరకు దొరికిన గట్టి జవాబు ఒక్కటే: రెండోది జర్మన్ భాష నుంచి వచ్చింది.

మా అవ్వకు డెబ్బై దాటాక ఒక పొద్దున లేచి, "రాత్రి పన్ను ఊడినట్టు కల పడ్డది బిడ్డా, ఎవలకు ఏమైతదో" అంది. మంగపేటలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేయమని ఒకటే పోరు. ఆయన బాగానే ఉన్నాడు. నాలుగు రోజులకు తేలిందేమిటంటే, అవ్వ దవడపన్ను ఒకటి నిజంగానే కదులుతోంది. రాత్రంతా సలిపిందట. పెద్దల శాస్త్రం ప్రకారం అది చావు, వియన్నా శాస్త్రం ప్రకారం ప్రసవం. పన్ను అనే సంగతి మాత్రం రెండు శాస్త్రాలకూ పట్టలేదు.

మొదటే ఒక మాట. ఫ్రాయిడ్‌ని మొత్తంగా తీసిపారేయడానికి నేనిది రాయడం లేదు. మనిషికి తన మనసు పూర్తిగా తెలియదన్న మాటతో నాకు పేచీ లేదు. ఎదుటి మనిషిని గంటల తరబడి ఓపికగా వినాలన్న పద్ధతి మీద గౌరవమే ఉంది. నా కోపమంతా ఒక్కదాని మీద: ప్రతీకల నిఘంటువు. పాము అంటే ఇది, పెట్టె అంటే అది, నీళ్ళంటే గర్భం, మెట్లెక్కడమంటే సంభోగం అని ముందే రాసిపెట్టుకున్న పట్టిక. మన సాహిత్య సభల్లో, సమీక్షల్లో, ఇప్పుడు రీల్స్‌లో కూడా తిరుగుతున్నది ఆ పట్టికే.

ఆ పట్టిక పుట్టుక చూడండి. 'కలల అర్థవివరణ' 1899 నవంబరులో వచ్చింది, అట్ట మీద 1900 అని వేశారు. మొదటి ముద్రణ 600 కాపీలు, అవి అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. అందులో ఫ్రాయిడ్ రెండో శతాబ్దపు గ్రీకు కలలకారుడు ఆర్టెమిడోరస్ గురించి రాశాడు. కలలో ప్రతి వస్తువుకూ ఒక స్థిరమైన అర్థం పెట్టుకుని తాళంచెవితో తీసినట్టు తీసే పద్ధతి నమ్మదగింది కాదన్నాడు. తన పద్ధతి వేరన్నాడు. కలగన్న మనిషినే అడగాలి, కలలోని ఒక్కో ముక్క గురించి ఆ మనిషికి ఏం తోస్తే అది చెప్పనివ్వాలి, అర్థం అక్కడినుంచి రావాలి. అంతవరకు బాగుంది. కానీ ముద్రణలు పెరిగినకొద్దీ, విల్హెల్మ్ స్టెకెల్ లాంటి శిష్యుల ప్రభావంతో, ప్రతీకల భాగం ఉబ్బుతూ వచ్చింది. 1914 నాటి నాలుగో ముద్రణకు అది విడి విభాగమే అయింది. ఆ తర్వాత ఉపన్యాసాల్లో పట్టిక మరింత నిండింది. కర్ర, గొడుగు, చెట్టు, కత్తి, తుపాకి, నీళ్ళ కుళాయి, పాము ఒక పక్క. గుంత, సీసా, పెట్టె, బీరువా, గది, పొయ్యి ఇంకో పక్క. అప్పుడప్పుడే ఆకాశంలోకి వచ్చిన జెప్పెలిన్ విమానానికి కూడా మగ కోటాలో చోటు దొరికింది.

ప్రతీకల గురించి అడిగితే కలగన్న మనిషికి సాధారణంగా ఏమీ తోచదని, అక్కడ విశ్లేషకుడే తన జ్ఞానంతో పూరించాలని కూడా ఆయన చెప్పాడు. అసలు మోసం జరిగింది ఇక్కడే. కలగన్న మనిషిని అడగాలి అని మొదలైన పద్ధతి, అడిగినా లాభం లేదు అనే దగ్గరికి చేరింది. ఆర్టెమిడోరస్‌ని ముందు గుమ్మంలోంచి పంపించి పెరటి తలుపు తీసి లోపలికి పిలుచుకున్నారు.

ఇదంతా వందేళ్ళనాటి సంగతి కదా, ఇప్పుడెందుకంటారా? నా కళ్ళ ముందు జరిగింది చెబుతాను.

2023 జులై ఆఖరి వారం మా జిల్లాకు ఎవరూ మరిచిపోరు. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక రోజులో అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. జంపన్నవాగు ఏటూరునాగారం మండలం కొండాయి మీద పడి ప్రాణాలు తీసింది. ఆ వైపు కుర్రాడొకడు తర్వాత కొన్నాళ్ళకు ఒక కవిత రాశాడు. రోజూ వచ్చే కల గురించి. వాకిట్లో నీళ్ళు, చీకటి, దూడ మెడ పలుపు, ఎంత లాగినా ఊడిరాని ముడి. హైదరాబాద్‌లో ఒక చిన్న సమావేశంలో చదివాడు. చదువుతుంటే గొంతు రెండుసార్లు ఆగింది.

మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి కవితను చాలా మెచ్చుకున్నారు. నీళ్ళు మాతృగర్భమన్నారు. పలుపు బొడ్డుతాడన్నారు. ముడి ఊడకపోవడం తల్లి నుంచి విడివడలేని కొడుకు వేదన అన్నారు. చప్పట్లు పడ్డాయి. కుర్రాడు లేచి, "సార్, ఆ రాత్రి మా దూడ కొట్టుకపోయింది సార్. నేనే ఇప్పలేకపోయిన" అన్నాడు. పెద్దమనిషి చిరునవ్వుతో, "అది నీ చేతనకు తెలిసిన విషయం. నేను చెబుతున్నది నీ అంతశ్చేతన గురించి. నువ్వు ఇంత గట్టిగా కాదంటున్నావంటేనే అక్కడ ఏదో ఉందన్నమాట" అన్నారు. కుర్రాడు కూర్చున్నాడు. ఆ తర్వాత టీ ఇచ్చారు.

నాకు ఆ రోజు నుంచి ఈ విషయం సిద్ధాంత చర్చగా మిగలలేదు. ఒక మనిషి, నా మీదికి వాగు వచ్చింది అని చెబితే, కాదు అది మీ అమ్మ అని చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు? ఆ మాట విశ్లేషణ ఎలా అవుతుంది? అది ఆ కుర్రాడి సాక్ష్యాన్ని కొట్టేయడం.

తమాషా ఏమిటంటే ఈ విషయంలో ఫ్రాయిడ్ తన భక్తుల కన్నా నిజాయితీపరుడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, ప్రమాదాల నుంచి బయటపడినవాళ్ళు అదే భయాన్ని రాత్రుళ్ళు మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. కల అంటే కోరిక తీరడమే అన్న తన సూత్రానికి ఈ కలలు లొంగడం లేదని 1920లో రాసిన పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నాడు. అంటే ములుగు కుర్రాడి కలకు గర్భం కథ చెప్పిన పెద్దమనిషి, ఫ్రాయిడ్ 1920 నాటికే ఆగిపోయిన చోట ఇంకా ముందుకు నడిచారన్నమాట.

ఇక "కాదంటున్నావంటేనే ఉంది" అన్న వాదం. దీనికి ఫ్రాయిడ్ పుస్తకంలోనే మంచి ఉదాహరణ ఉంది. కలలన్నీ కోరికలు తీర్చుకోవడమే అని ఆయన ఒకామెకు వివరించాడు. ఆమెకు అత్తగారితో కలిసి సెలవులు గడపడం బొత్తిగా ఇష్టం లేదు. తప్పించుకునే ఏర్పాటు కూడా చేసుకుంది. మర్నాడు వచ్చి, అత్తగారితో కలిసి సెలవులకు వెళ్తున్నట్టు కల వచ్చింది అంది. మరి కోరిక ఎక్కడ తీరింది? ఫ్రాయిడ్ జవాబు: నేను తప్పని రుజువవాలన్నదే ఆమె కోరిక, ఆ కోరికే తీరింది. చదివినప్పుడు మెరుపులా ఉంటుంది. రెండో నిమిషం ఆలోచించండి. సరిపోయే కల వస్తే సిద్ధాంతం గెలిచింది. సరిపోని కల వచ్చినా సిద్ధాంతమే గెలిచింది. ఇక ఈ సిద్ధాంతాన్ని ఓడించాలంటే ఎలాంటి కల రావాలి? అలాంటి కల లేదు. ఏ కలతోనూ ఓడని మాట ఏ కల గురించీ ఏమీ చెప్పనట్టే.

బొమ్మ పడితే నేను గెలిచాను, బొరుసు పడితే నువ్వు ఓడావు అనే ఆరోపణ తనమీద ఉందని ఫ్రాయిడ్‌కి తెలుసు. 1937లో ఒక వ్యాసంలో దాన్ని ఎత్తుకుని జవాబు కూడా చెప్పాడు. రోగి 'కాదు' అంటే దాన్ని యథాతథంగా తీసుకోను, 'అవును' అన్నా తీసుకోను, తర్వాత వచ్చే మాటలు, జ్ఞాపకాలు దేనివైపు మొగ్గుతాయో చూస్తాను అన్నాడు. ఈ జవాబు నాకు సరిపోదు కానీ ఒక మర్యాదైనా ఉంది అందులో. అక్కడ నెలల తరబడి వినడం ఉంది. మన సభల్లో ఐదు నిమిషాల ప్రసంగం ఉంటుంది, ఆ తర్వాత శాలువా.

సాహిత్యం చదివేవాళ్ళం కాబట్టి అనువాదానికి సంబంధించిన కథొకటి చెబుతాను. లియొనార్డో డావిన్చి తన నోటు పుస్తకంలో చిన్ననాటి జ్ఞాపకమొకటి రాసుకున్నాడు. ఉయ్యాలలో ఉండగా ఒక పక్షి వచ్చి తోకతో తన నోరు తెరిచి పెదవుల మీద కొట్టిందని. ఆయన వాడిన ఇటాలియన్ మాట 'నిబియో'. అంటే గద్ద. ఫ్రాయిడ్ చదివిన జర్మన్ పాఠంలో అది రాబందు అయింది. 1910లో ఫ్రాయిడ్ ఆ రాబందు మీద ఒక మేడ కట్టాడు. ఈజిప్టులో మాతృదేవత ముత్‌కు రాబందు తల. రాబందుల్లో మగవి ఉండవని, గాలి వల్ల గర్భం దాలుస్తాయని పాతకాలపు నమ్మకం. కాబట్టి తండ్రి లేని బాల్యం, తల్లి ఒక్కతే, కాబట్టి ఆ చిత్రకారుడి మొత్తం మనసు. 1913లో ఆయన మిత్రుడు ఫిస్టర్, పారిస్‌లో ఉన్న లియొనార్డో చిత్రంలో మరియ తల్లి వస్త్రపు మడతల్లో రాబందు ఆకారం కూడా కనిపెట్టాడు. 1956లో కళాచరిత్రకారుడు మేయర్ షపీరో ఈ వ్యవహారమంతా విప్పి చూపించాడు.

అనువాదంలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నన్ను వెంటాడేది ఆ బట్టలో కనబడ్డ రాబందు. లేని పక్షికి చిత్రంలో రుజువు దొరికింది! వెతికేవాడికి ఏది కావాలంటే అది దొరికే పద్ధతిలో, దొరకడమన్నది రుజువు కాదు. గద్దని గద్దగానే అనువదించి ఉంటే ఆ మడతల్లో గద్ద కూడా కనబడేదని నా అనుమానం.

"మరి ప్రతీకలే లేవా? పామూ, పుట్టా, రోలూ, రోకలీ వట్టివేనా?" అని అడుగుతారు. ఉన్నాయి. ఎందుకు లేవు! మా వైపు నాట్లు వేసే ఆడవాళ్ళ పాటలు విన్నవాళ్ళెవరూ లేవనరు. అయితే ఒకటి గమనించండి. ఆ పాట పాడే ఆమెకు రెండో అర్థం తెలుసు. పక్కనున్న ఆమెకూ తెలుసు. తెలుసు కాబట్టే నవ్వుతున్నారు. అంతశ్చేతన చీకటి గదిలో దాక్కున్న రహస్యమేం కాదది, పట్టపగలు పొలం గట్టు మీద ఉన్న సంగతి. మన పొడుపు కథలు ఇంకా గడుసువి. వినడానికి బూతులా ఉంటుంది, విప్పితే ఏ తాళమో కుండో బయటపడుతుంది. బూతు ఊహించినవాడిని చూసి అందరూ నవ్వుతారు. ఫ్రాయిడ్ లెక్క దీనికి సరిగ్గా తలకిందులు: పైకి కుండ, లోపల బూతు. మన పొడుపు కథకు కుండ కూడా ఒక జవాబే అని తెలుసు.

అమెరికన్ మనస్తత్వవేత్త కాల్విన్ హాల్ ఇదే ప్రశ్నని ఇంకో దారిలో అడిగాడు. మనోవిశ్లేషణ గ్రంథాలన్నీ తిరగేసి లెక్కపెడితే పురుషాంగానికి 102 ప్రతీకలు, స్త్రీ అంగానికి 95, సంభోగానికి 55 తేలాయట. తర్వాత ఆయనకు ఒక సందేహం వచ్చింది. ప్రతీక అంటే సిగ్గుపడే కోరిక వేసుకున్న ముసుగు కదా. మరి అదే మనుషులు ఇంకో కలలో ఏ ముసుగూ లేకుండా నేరుగా లైంగిక దృశ్యాలే చూస్తున్నారేం? ఆ రాత్రి కాపలావాడు సెలవు పెట్టాడా? హాల్ వేల కలలు సేకరించి, వాటిలో ఎవరున్నారు, ఏం జరిగింది, ఎక్కడ జరిగింది అని ఓపికగా లెక్కలు తీశాడు. కలలు చాలావరకు మనిషి రోజువారీ మనుషులు, గొడవలు, దిగుళ్ళ చుట్టూనే తిరుగుతాయని ఆ దారిలో నడిచిన పరిశోధన చెబుతూ వచ్చింది. ఇందులో మెరుపులు లేవు, అందుకే సభల్లో చెప్పుకోరు.

ఇప్పుడు ఆ నిఘంటువు పట్టుకుని మేడారం వెళ్దాం. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి వేళ చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దె మీదికి తెస్తారు. తెచ్చేది కుంకుమ భరిణె. గద్దెల మీద వెదురు. తల్లి గుట్ట దిగేటప్పుడు గౌరవంగా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేలుస్తారు. పక్కనే వాగులో జనం స్నానాలు. భరిణె, వెదురు, తుపాకి, గుట్ట, నీళ్ళు. నిఘంటువులోని ఒక పేజీ మొత్తం నడిచి వస్తున్నట్టే ఉంది! ఐదు నిమిషాల్లో అంతా 'విప్పేయొచ్చు'. విప్పాక ఏం మిగులుతుంది? కరువులో పన్ను కట్టలేమన్న కోయలు, కాకతీయుల సైన్యం, వాగులో దూకిన జంపన్న, కనబడకుండా పోయిన తల్లి. కథలో ఉన్నదంతా ఇదే, విప్పితే పోయేదీ ఇదే. పన్నుకూ, అడవికీ, రాజ్యానికీ ఆ పట్టికలో గడి లేదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు, ఈ దేశం మీద ఇలాంటి ప్రయోగం ఒకసారి జరిగింది. రాంచీలో యూరోపియన్ల మానసిక చికిత్సాలయాన్ని నడిపిన ఓవెన్ బర్క్‌లీ-హిల్ అనే బ్రిటిష్ అధికారి 1921లో, హిందువుల మతం, తత్వం, స్వభావం అన్నిటినీ మలసంబంధమైన శైశవ కామంతో వివరిస్తూ వ్యాసం రాశాడు. పాలించేవాడు పాలితుల మనసు చదివి, వీళ్ళింకా పసితనం దాటలేదని తేల్చాడు. దేశం సహాయ నిరాకరణ చేస్తున్న ఏడాది! అదే కాలంలో కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ ఉన్నాడు. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘం స్థాపించిన మనిషి. తన భారతీయ రోగుల్లో బీజచ్ఛేద భయం యూరప్ రోగుల్లో ఉన్నంత స్పష్టంగా కనబడటం లేదని 1929లో ఫ్రాయిడ్‌కే రాశాడు. సిద్ధాంతాన్ని అభిమానించినవాడే, అయినా ఎదురుగా ఉన్న రోగి మాటని పుస్తకం కింద నొక్కేయలేదు. మనం బోస్ వారసులం అయ్యుండాల్సింది. సభల్లో మాత్రం బర్క్‌లీ-హిల్ గొంతే వినిపిస్తోంది.

తెలుగు నవల ఫ్రాయిడ్‌కి రుణపడి ఉందన్నది నిజమే. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఆ గాలి తగలకపోతే అలా ఉండేవి కావు. మా పాత వరంగల్ జిల్లా వావిలాల నుంచి వెళ్ళిన నవీన్, ఉస్మానియాలో చదివే రవి అనే పల్లెటూరి విద్యార్థి మనసులో ఒక్క రోజు తిరిగే ఆలోచనలతో 'అంపశయ్య' రాశాడు. ఈ రచయితలు మనసుని తెరిచారు. వాళ్ళమీద రాసే విమర్శ చాలాసార్లు మూసేసింది. దయానిధిని తీసుకోండి. తల్లి గురించి లోకం అనే మాటలు అతని వెంటపడుతూనే ఉంటాయి. అక్కడ ఊరుంది, పరువుంది, ఒక ఆడమనిషి మీద సమాజం వేసిన ముద్ర ఉంది. 'ఈడిపస్ కాంప్లెక్స్' అని ఒక్క మాట అనేయగానే ఆ ఊరంతా నిర్దోషిగా విడుదలైపోతుంది. తప్పంతా కొడుకు మనసులోకి చేరుతుంది. రాళ్ళు వేసినవాళ్ళని వదిలి, దెబ్బ తిన్నవాడి లోపల రాళ్ళు వెతకడం లాంటిది ఇది.

నాకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం వేరే ఉంది. 1977లో హాబ్సన్, మెకార్లీ కలలకు మూలం మెదడు కాండంలోని సంకేతాలేనని ప్రతిపాదించారు. దాంతో ఫ్రాయిడ్ పని అయిపోయిందన్నారు. తర్వాత మార్క్ సోమ్స్ లాంటివాళ్ళు, కోరికలకూ ప్రేరణకూ సంబంధించిన మెదడు భాగాలు దెబ్బతింటే కలలే ఆగిపోతున్నాయని చూపించారు. కాబట్టి కలకూ కోరికకూ సంబంధం ఉండొచ్చు. సరే, ఒప్పుకుంటాను. కానీ కలలో కోరిక ఉంది అనడానికీ, పలుపు అంటే బొడ్డుతాడు అనడానికీ మధ్య ఉన్న దూరం ములుగు నుంచి వియన్నా అంత. మొదటిదాన్ని పరీక్షించవచ్చు. రెండోదాన్ని నమ్మాలి, అంతే.

మరి కల గురించి, కలలాంటి కవిత గురించి మాట్లాడనే వద్దా? మాట్లాడండి. ముందు అడగండి. ఆ వాగు పేరేమిటి? ఎప్పుడు వచ్చింది? దూడ రంగేమిటి? 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి. రేపు ఆ వైపు పిల్ల ఎవరైనా విరిగిన చెట్టు కల రాస్తే, బీజచ్ఛేదం అనే ముందు ఆ తేదీ తెలుసుకోండి. తెలుసుకున్నాక కూడా ఇంకేదో అర్థం ఉందనిపిస్తే చెప్పండి, కానీ మీ అర్థం తప్పని తేలాలంటే ఏం జరగాలో కూడా చెప్పండి. ఏం జరిగినా తప్పు కాదు అంటారా, అయితే పంచాంగం పక్కన కూర్చోండి. అక్కడ కనీసం తమ్ముడు ఎట్లున్నాడో అని ఫోన్ చేస్తారు.